కొలిచి చూడకుండా విడిభాగాలు మార్చే పద్ధతి మారాలి

సంపాదకులకు నమస్కారాలు.

అయ్యా,

ఎండలు ముదిరేకొద్దీ మన తిరుపతి, చిత్తూరు జిల్లాల కనుమ దారుల్లో డీజిల్ బండ్లు బానెట్ ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడి ఉండటం ఏటా చూస్తున్నదే. వాటిలో రేడియేటర్ కాగి ఆగినవి కొన్ని, బెల్టు తెగి ఆగినవి కొన్ని ఉంటాయి. వాటి సంగతి డ్రైవర్లకు తెలుసు. ఈ లేఖలో నేను రాస్తున్నది మరో రకం బండ్ల గురించి. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, మీటర్లో వేడి కూడా హద్దు దాటి ఉండదు. అయినా తాళం తిప్పి ఆపేసినట్టు ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. అరగంట నీడపట్టున ఉంచితే మాత్రం ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇలాంటి బండ్లలో చాలావాటికి మూలకారణం క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన ఇరుసు) ఎక్కడుందో కనిపెట్టే క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ అనే బొటనవేలంత భాగమో, దానికి వెళ్లే రెండు మూడు వైర్లో అయి ఉంటుంది. దాన్ని పరీక్షించకుండా డీజిల్ పంపులు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పించుకుని వేలకు వేలు పోగొట్టుకుంటున్న బాడుగ బండ్ల యజమానులను చూసి ఊరుకోలేక, మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచాను. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పటికీ ఆటోనగర్ షెడ్లలో పనిచేస్తున్న పాత విద్యార్థులు పిలిస్తే వెళ్లి చూస్తుంటాను.

పాత రోజుల్లో డీజిల్ ఇంజిన్‌కు ఈ సెన్సార్ అవసరమే ఉండేది కాదు. ఇంజిన్ తిరుగుడుతో పాటే గేర్ల ద్వారా పంపు తిరిగేది, ఏ సిలిండర్‌కు ఎప్పుడు డీజిల్ కొట్టాలో ఆ పంపు కట్టుబడిలోనే ఉండేది. కామన్ రైల్ పద్ధతి వచ్చాక ఆ నిర్ణయం ఈసీఎం అనే కంప్యూటర్ చేతికి వెళ్లింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో, చిన్న సరుకు బండి మొదలుకొని తిరుమల ఎక్కే ట్యాక్సీ దాకా కొత్త డీజిల్ బండ్లన్నీ ఎలక్ట్రానిక్ నియంత్రణ కిందికి వచ్చాయి. పంపు ఇప్పుడు రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే డీజిల్ గొట్టంలో, ఒత్తిడి నింపి ఉంచడం వరకే చేస్తుంది. ఇంజెక్టర్ ఏ క్షణాన తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో ఈసీఎం చెప్పాలి. అలా చెప్పాలంటే పిస్టన్ ఎక్కడుందో దానికి తెలియాలి. ఇంజిన్ నిమిషానికి 2,000 సార్లు తిరుగుతున్నప్పుడు క్రాంక్ ఒక్క డిగ్రీ కదలడానికి పట్టే కాలం సెకనులో పన్నెండు వేలవ వంతు. అంత సూక్ష్మమైన సమాచారాన్ని ఈసీఎంకు అందించేది క్రాంక్ సెన్సార్ ఒక్కటే. అది పలకకపోతే ఇంజిన్ తిరుగుతోందో లేదో కూడా ఈసీఎంకు తెలియదు. తెలియనప్పుడు ఇంజెక్టర్లకు ఆజ్ఞ ఇవ్వదు. కొన్ని కంపెనీల బండ్లలో క్యామ్ సెన్సార్ (వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ తిరుగుడును చూసేది) ఆధారంగా తక్కువ శక్తితో ఎలాగో నడిపించే ఏర్పాటు ఉంది కానీ, ఎక్కువ బండ్లలో ఇంజిన్ ఆగిపోవడమే జరుగుతుంది.

అది పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. ఫ్లైవీల్ పక్కనో, ముందున్న పుల్లీ వెనకో పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. చాలా ఇంజిన్లలో ఆ చక్రాన్ని 60 పళ్లకు సరిపడా విభజించి, వాటిలో వరుసగా రెండింటిని తీసేస్తారు. మిగిలిన 58 పళ్లు ఒక్కొక్కటి ఆరేసి డిగ్రీల దూరంలో సెన్సార్ ముందు నుంచి వెళుతుంటే ఈసీఎం వాటిని లెక్కపెడుతుంది, ఆ రెండు పళ్ల ఖాళీ వచ్చినప్పుడు ఒక చుట్టు పూర్తయిందని గుర్తిస్తుంది. సెన్సార్లు రెండు రకాలు. రెండు వైర్ల రకంలో అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. పన్ను దగ్గరగా వచ్చి వెళ్లినప్పుడల్లా అందులో దానంతట అదే విద్యుత్తు పుడుతుంది. మూడు వైర్ల రకాన్ని హాల్ సెన్సార్ అంటారు. దానికి ఈసీఎం నుంచి కరెంటు, చాలా బండ్లలో 5 వోల్టులు, అందాలి. అందితేనే అది సున్నాకూ 5కూ మధ్య కొట్టుకునే సంకేతం ఇస్తుంది. ఈ రెండు రకాల మధ్య తేడా తెలియకుండా మీటరు పట్టుకున్నవాడు మంచి సెన్సార్‌ను కూడా పాడుచేయగలడు, ఎందుకంటే హాల్ సెన్సార్‌ను ఓమ్‌లలో, అంటే విద్యుత్ నిరోధం కొలిచే పద్ధతిలో, కొలవకూడదు.

తిరుపతి నుంచి భాకరాపేట కనుమ మీదుగా పీలేరు వైపు సిమెంటు, ఇనుము చేరవేసే ఒక యువకుడి బండి సంగతి చెబుతాను. సొంత బండే, ఇంకా ఫైనాన్స్ కంతులు తీరలేదు. కనుమ ఎక్కేటప్పుడు, అదీ మధ్యాహ్నం పూట, బరువుతో రెండో గేరులో ఎక్కుతుండగా ఇంజిన్ ఆగిపోయేది. ఉదయం చల్లదనంలో ఎన్నిసార్లు ఎక్కినా ఏమీ అయ్యేది కాదు. మొదట చూపించిన చోట డీజిల్ ఫిల్టర్ మార్చి, డీజిల్ పైపుల్లో ఎయిర్ పట్టిందన్నారు. మళ్లీ ఆగింది. రెండో చోట పంపు విప్పి బెంచి మీద పరీక్షకు పంపారు. ఆ తర్వాత ఇంజెక్టర్లు కారుతున్నాయని చెప్పి రెండు మార్చారు. కామన్ రైల్ ఇంజెక్టర్ కొత్తది ఒక్కోటి పదివేలు దాటుతుందని బండి నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అన్నీ అయ్యాక కూడా బండి అదే కనుమలో, ఇంచుమించు అదే మలుపు దగ్గర ఆగింది. ఈలోగా బాడుగలు పోయాయి, రెండు కంతులు ఆలస్యమయ్యాయి. ఇంట్లో ఆడవాళ్ల నగలు తాకట్టుకు వెళ్లే పరిస్థితి వచ్చింది.

ఆ బండిని నా దగ్గరికి తెచ్చినప్పుడు కూడా అది చల్లబడి చక్కగా నడుస్తోంది. నడుస్తున్న బండిలో ఈ లోపం దొరకదు. అందుకని బరువుతోనే చంద్రగిరి దాటించి, కనుమలో ఆగేదాకా నడిపించాం. ఆగిన వెంటనే ఏ భాగమూ విప్పకుండా సెల్ఫ్ కొట్టిస్తూ డాష్‌బోర్డు చూశాను. ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది, ఆర్‌పీఎం ముల్లు మాత్రం సున్నా దగ్గర కదలకుండా పడి ఉంది. ఈసీఎంలోని వివరాలు చదివే స్కానర్ పెట్టి చూస్తే అందులోనూ ఇంజిన్ వేగం సున్నా. మంచి బండిలో సెల్ఫ్ మీద 150 నుంచి 250 దాకా కనిపించాలి. అంటే ఇంజిన్ తిరుగుతున్న సంగతి ఈసీఎంకు చేరడం లేదు. డీజిల్ సరఫరా గురించి ఆలోచించాల్సిన అవసరమే అక్కడ లేదు.

షెడ్డుకు చేర్చి బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్, క్లచ్‌లను కప్పి ఉంచే గుల్ల) మీదున్న సెన్సార్ విప్పాం. దాని మొన చుట్టూ క్లచ్ ధూళి, ఇనుప రజను కలిసి నల్లని నూగులా అంటుకుని ఉన్నాయి. అయస్కాంతం కదా, ఇనుము ఏదున్నా లాక్కుంటుంది. గుడ్డతో తుడిచి, అది రెండు వైర్ల రకం కాబట్టి మీటరు పెడితే 860 ఓమ్‌లు చూపించింది. ఆ ఇంజిన్‌కు ఇది సరైన విలువే. ముందు చూసిన వాళ్లలో ఎవరైనా ఒకవేళ కొలిచి ఉంటే ఇక్కడే ఆగి, సెన్సార్ మంచిదేనని చెప్పి ఉంటారు. మేం మీటరు తీయకుండా, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో మెల్లగా వేడిచేశాం. అంకె 900 దాటింది, 1,000 దాటింది. అంతవరకు తప్పులేదు, రాగి వేడెక్కితే నిరోధం పెరగడం దాని స్వభావం, డిగ్రీకి వందలో 0.4 వంతు చొప్పున లెక్కవేసినా 60 డిగ్రీలు పెరిగేసరికి 860 కాస్తా 1,060 దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అంకెలు మాయమై మీటరు ఓఎల్ అని చూపించింది, అంటే లోపల తీగ విడిపోయింది. డ్రయ్యర్ పక్కనపెట్టి కాసేపు వదిలేస్తే అంకెలు మళ్లీ వచ్చాయి. కనుమలో జరుగుతున్నదంతా బల్ల మీద కనిపించింది. ఆ కుర్రవాడు మీటరు వంక చూస్తూ ఉండిపోయాడు. కొత్త సెన్సార్‌కు అయిన ఖర్చు అతను అప్పటికే పెట్టినదానిలో ఒక మూలకు కూడా రాదు. పాత సెన్సార్ ఇప్పటికీ నా దగ్గరుంది, అడిగిన పిల్లలకు వేడిచేసి చూపిస్తుంటాను.

ఇది చదివి, వేడికి ఆగి చల్లబడ్డాక నడిచే బండి అనగానే క్రాంక్ సెన్సార్ మార్చేయాలని ఎవరూ అనుకోకూడదు. అది ఇంకో రకం గుడ్డి పద్ధతి అవుతుంది. ఇవే లక్షణాలు మరికొన్ని లోపాలకూ ఉన్నాయి. పంపు అరిగినప్పుడు, వేడికి పలచబడిన డీజిల్ సందుల్లోంచి జారిపోయి రైలులో ఒత్తిడి నిలవదు. అప్పుడు కూడా వేడి ఇంజిన్ అందుకోక, చల్లబడ్డాక అందుకుంటుంది. ఇంజెక్టర్లు డీజిల్‌ను ట్యాంకు వైపు వెనక్కి ఎక్కువ వదిలేస్తున్నా ఇంతే. ట్యాంకులోని జల్లెడకు చెత్త అడ్డుపడితే బండి ఆగి, ఆ చెత్త కిందికి దిగాక మళ్లీ నడుస్తుంది. తేడా తెలుసుకునే దారి ఉంది. డీజిల్ అందని బండి సాధారణంగా ముందు లాగుడు తగ్గి, కుదుపులు ఇచ్చి ఆగుతుంది. సెన్సార్ వల్ల ఆగేది హెచ్చరిక లేకుండా ఆగుతుంది. అంతకన్నా గట్టి సాక్ష్యం స్కానర్‌లో ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ వేగం, రైలు ఒత్తిడి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. వేగం సరిగా కనిపిస్తూ ఒత్తిడి 200 బార్ (బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దరిదాపులకు కూడా రాకపోతే డీజిల్ వైపు వెతకాలి. వేగమే సున్నా అయితే సెన్సార్, వైర్లు, పళ్ల చక్రం చూడాలి. రెండూ సరిగా ఉండి కూడా స్టార్ట్ కాకపోతే క్యామ్ సెన్సార్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకుంటే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు), రిలేల వంతు వస్తుంది. ఈ ఒక్క పరీక్షకు ఒక్క బోల్టు కూడా విప్పనక్కర్లేదు. అయినా మన షెడ్లలో ఎక్కువచోట్ల స్కానర్‌ను ఎర్రర్ కోడ్ చెరిపేయడానికి మాత్రమే వాడుతున్నారు.

కోడ్ విషయంలో ఉన్న అపోహ గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్కానర్ పి0335 చూపించిందంటే క్రాంక్ సెన్సార్ పోయిందని అర్థం కాదు, ఆ సెన్సార్ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని మాత్రమే అర్థం. సర్క్యూట్ అంటే సెన్సార్, వైర్లను కలిపే కప్లర్, వైర్లు, ఈసీఎం దాకా అన్నీ. పి0336 వస్తే సంకేతం అందుతోంది కానీ పద్ధతిగా లేదని, పి0339 వస్తే మధ్యమధ్యలో తెగుతోందని అర్థం. పి0016 వచ్చిందంటే క్రాంకుకూ క్యాముకూ పొంతన కుదరడం లేదని. అది టైమింగ్ చెయిన్ సాగడం వల్ల కూడా రావచ్చు, అప్పుడు ఎన్ని సెన్సార్లు మార్చినా పోదు. ఇంకో మెలిక ఉంది. కొన్ని బండ్లలో సెన్సార్ పూర్తిగా మూగబోతే కోడ్ అసలు నమోదు కాకపోవచ్చు, ఎందుకంటే ఇంజిన్ ఆగి ఉందనే ఈసీఎం అనుకుంటుంది. కాబట్టి కోడ్ లేదు కనుక సెన్సార్ మంచిదే అనడం కూడా తప్పే. కోడ్ వచ్చినప్పుడు దాన్నీ, ఆ క్షణంలో బండి ఎంత వేగంలో, ఎంత వేడిలో ఉందో ఈసీఎం దాచిపెట్టిన వివరాలనూ కాగితం మీద రాసుకున్న తర్వాతే చెరపాలి. నేను చెప్పిన బండిలో చూపించిన ప్రతిచోటా కోడ్ చెరిపేశారు, ఎక్కడా రాసుకోలేదు. తర్వాత వచ్చినవాడు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

బ్యాటరీని మొదట చూడకపోవడం మరో పొరపాటు. రెండు వైర్ల సెన్సార్‌లో పుట్టే విద్యుత్తు ఇంజిన్ వేగాన్ని బట్టి ఉంటుంది. బ్యాటరీ నీరసించి సెల్ఫ్ నిదానంగా తిరిగితే సంకేతం ఈసీఎం గుర్తించలేనంత బలహీనమవుతుంది. ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించి, సెల్ఫ్ కొట్టగానే 9.6 కన్నా కిందికి జారిపోయే బ్యాటరీని పెట్టుకుని సెన్సార్‌ను తప్పుపట్టకూడదు.

ఇక వైర్లు. నా అనుభవంలో సెన్సార్ ఎంత తరచుగా పోతుందో, దాని వైర్లూ అంతే తరచుగా పోతుంటాయి. బెల్ హౌసింగ్ దగ్గర వైరు ఏదో ఒక బ్రాకెట్‌కు ఒరుసుకుని తొడుగు అరుగుతుంది, ఎగ్జాస్ట్ వేడికి పెళుసెక్కి పగులుతుంది, వారం రోజులు నిలిపి ఉంచిన బండిలో ఎలుకలు కొరుకుతాయి. కప్లర్‌లోకి ఇంజిన్ ఆయిల్ దిగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా వైరును కొసనుంచి కొసదాకా మెల్లగా కదిలిస్తూ చూస్తే, చెడిన చోట ఇంజిన్ తడబడుతుంది. తర్వాత బ్యాటరీ తీసి, సెన్సార్ వైపు, ఈసీఎం వైపు కప్లర్లు రెండూ విప్పి, ఒక్కో వైరుకు ఒక కొస నుంచి ఇంకో కొసకు కొలవాలి. ఒక ఓమ్ లోపే ఉండాలి. ఆ రెండు వైర్లకూ మధ్య గానీ, వైరుకూ బాడీకీ మధ్య గానీ కలయిక ఉండకూడదు. ఈ పనికి టెస్ట్ ల్యాంప్ వాడవద్దని షెడ్లలో పనిచేసే పిల్లలకు చేతులు జోడించి చెబుతున్నాను. అది లాగే కరెంటు ఈసీఎంను దెబ్బతీయగలదు. అలాగే వైరు తొడుగులో గుండుసూది గుచ్చి కొలిచే అలవాటు మానుకోవాలి. ఆ చిన్న రంధ్రంలోంచి వానాకాలంలో నీరు దిగి, లోపల రాగి పచ్చబడి, ఏడాది తిరిగేసరికి కొత్త లోపం పుడుతుంది. అతుకు వేయాల్సి వస్తే ఒకదానికొకటి మెలివేసి ఉన్న వైర్లను అలాగే మెలివేసి ఉంచాలి, ఆల్టర్నేటర్ పక్క నుంచి పోనివ్వకూడదు, రెండు వైర్లు అటుదిటు మారకుండా చూడాలి. మారితే ఆ రెండు పళ్ల ఖాళీని ఈసీఎం సరిగా గుర్తించలేక స్టార్టింగ్ కష్టమవుతుంది.

క్లచ్ పని చేయించిన తర్వాత ఈ లోపం మొదలైతే, సెన్సార్ కన్నా ముందు ఫ్లైవీల్ పళ్లను అనుమానించాలి. గేర్‌బాక్స్ దించి ఎక్కించేటప్పుడు పన్ను వంగినా, సెన్సార్ కూర్చునే చోట మట్టి ఉండిపోయి దానికీ పళ్లకూ మధ్య దూరం పెరిగినా సంకేతం చెడుతుంది. చాలా ఇంజిన్లలో ఆ దూరం ఒక మిల్లీమీటరు అటుఇటుగా ఉండాలి. అర మిల్లీమీటరు మందం వాషర్ వేసి బిగించినా తేడా వస్తుంది.

ఇవన్నీ ఒక్కచోట స్పష్టంగా చూపించే సాధనం ఆసిలోస్కోప్. పళ్లు ఒక్కొక్కటీ అలలా తెర మీద కనిపిస్తాయి; వంగిన పన్ను, ఖాళీ, తెగిన చోటు కంటికి కట్టినట్టు తెలుస్తాయి. సెల్ఫ్ మీద వెయ్యో రెండు వేలో అలలను ఒక్కసారి నమోదు చేసి చూస్తే ఊహలకు తావుండదు. చేతిలో పట్టుకునే రకాలు ఇప్పుడు మామూలు షెడ్డు కొనగలిగిన ధరకే దొరుకుతున్నాయి.

ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. ఎయిర్ పట్టిందనుకుంటే ఇంజెక్టర్ పైపు నట్టు వదులుచేసి సెల్ఫ్ కొట్టడం పాత బండ్లలో అందరూ చేసిన పనే, మేమూ పిల్లలకు అదే నేర్పాం. కామన్ రైల్ ఇంజిన్‌లో అది చేయకూడదు. నడుస్తున్నప్పుడు ఆ రైలులో ఒత్తిడి 1,600 బార్ దాకా, కొత్త ఇంజిన్లలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. సన్నని సందులోంచి ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపించినా వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. సెన్సార్ లోపం ఉన్న బండికి పైపులు విప్పి డీజిల్ రావడం లేదని వెతికే కుర్రవాళ్లను చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది. అలాగే సెన్సార్‌ను చల్లబరచడానికి వేడి ఇంజిన్ మీద బిందెడు నీళ్లు కుమ్మరించడం కూడా మంచిది కాదు, పక్కనే టర్బో, ఎగ్జాస్ట్ ఉంటాయి. తడి గుడ్డను సెన్సార్ మీద మాత్రం కాసేపు వేసి ఉంచితే చాలు. దాంతో స్టార్ట్ అయితే అనుమానం బలపడుతుంది.

డ్రైవర్లకూ ఒక మాట. అలిపిరి నుంచి రెండో ఘాట్ రోడ్డు మీదుగా తిరుమల ఎక్కేటప్పుడైనా, మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడైనా, పలమనేరు దారిలో మొగిలి కనుమలోనైనా ఇంజిన్ ఇలా ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు ఊతమిచ్చే వాక్యూమ్ రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిపోతుంది. కాబట్టి బ్రేకును మాటిమాటికీ కొట్టకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టాలి. దిగుతున్నప్పుడు ఆగితే క్లచ్ తొక్కకూడదు, న్యూట్రల్ చేయకూడదు. గేరులో ఉన్నంతసేపు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి వేగం అదుపులో ఉంటుంది, వాక్యూమ్ పంపూ తిరుగుతుంది. తాళంచెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది, లాగవద్దు. బండి ఆగిన వెంటనే హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాయి పెట్టాలి. యాత్రికులతో నిండిన బండిలో ఒకసారి ఇలా ఆగిందంటే, అరగంటకు మళ్లీ నడిచింది కదా అని దాన్ని ఇంకో ట్రిప్పుకు పంపవద్దని యజమానులను వేడుకుంటున్నాను.

మెకానిక్కులను నిందించడం నా ఉద్దేశం కాదు. వారిలో సగం మంది నా చేతుల మీదుగా వెళ్లినవారే. చేతికి నైపుణ్యం ఉంది, సమాచారం లేదు. ఏ బండి సెన్సార్‌కు ఎన్ని ఓమ్‌లు ఉండాలి, ఈసీఎంలో ఏ పిన్ను దానిది, వైరు రంగేమిటి అన్న వివరాలు కంపెనీ సర్వీస్ సెంటర్లలో తాళం వేసి ఉంటున్నాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, మోటారు వాహనాలను కూడా అందులో ఒక రంగంగా గుర్తించింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా ప్రారంభించింది. సంతోషమే. అయితే బయటి షెడ్డులో పనిచేసే మనిషికి కావలసింది కస్టమర్ కేర్ నంబరు కాదు, వైరింగ్ చిత్రం. దాన్ని తగిన రుసుము తీసుకుని అయినా ఇచ్చేలా కంపెనీలను ఆదేశించాలి. ఐటీఐలలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఒక్క ఏడాదిదే. ఆ ఏడాదిలో పాత పంపు విప్పి బిగించడానికి కేటాయించే సమయంలో కొంతైనా మీటరు, స్కానర్, ఆసిలోస్కోప్ చేతబట్టి లోపం వెతికే అభ్యాసానికి ఇవ్వాలి. తిరుపతి, చిత్తూరు ఐటీఐలలో ఇప్పటికే పనిలో ఉన్నవారికి సాయంత్రాల్లో పదిహేను రోజుల తరగతులు పెడితే, రోజుకూలీ పోగొట్టుకోకుండా వచ్చి నేర్చుకునేవారు తప్పకుండా ఉంటారు.

బండి యజమానులు తమవంతుగా చేయగలిగింది కూడా ఉంది. పంపు గానీ ఇంజెక్టర్ గానీ విప్పడానికి ఒప్పుకునే ముందు, సెల్ఫ్ మీద ఇంజిన్ వేగం ఎంత వచ్చింది, రైలు ఒత్తిడి ఎంత వచ్చింది, ఏ కోడ్ వచ్చింది అని అడిగి, ఆ మూడూ బిల్లు మీదనో, విడి కాగితం మీదనో రాయించుకోండి. చూపిస్తే ఫోనులో ఫొటో తీసుకోండి. రాసివ్వడానికి ఇష్టపడని చోట బండి విప్పించవద్దు. మార్చిన పాత భాగాన్ని అడిగి వెంట తీసుకెళ్లండి.

ఆటోనగర్‌లో పది మంది ఒకచోట చేరతామంటే, ఏ ఆదివారమైనా ఆసిలోస్కోప్‌తో వచ్చి, ఒక మంచి సెన్సార్‌నూ, వేడికి తెగే ఆ పాత సెన్సార్‌నూ పక్కపక్కన పెట్టి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రుసుమేమీ అక్కర్లేదు, ఒక టేబులు, కరెంటు, నడిచే డీజిల్ బండి ఒకటి ఉంటే చాలు.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
తిరుపతి